పెట్రోలా, డీజిలా, వదినగారూ?

ఫిబ్రవరి 3

వదినగారికి,

మీరూ నేనూ ఫోనులో మాట్లాడుకుంటే ఇద్దరం ఒకేసారి మాట్లాడతామనీ, పెట్టేశాక ఎవరేమన్నారో ఇద్దరికీ గుర్తుండదనీ మీ అబ్బాయి నవ్వుతుంటాడు. అందుకే ముఖ్యమైన విషయాలన్నీ ఉత్తరాల్లోనే అని పోయిన ఏడాది మనం ఒప్పందం చేసుకున్నాం కదా. ఇది చాలా ముఖ్యమైన విషయం. పైగా ఉత్తరం కాబట్టి మధ్యలో మీరు అడ్డు రాలేరు.

మా అమ్మాయి బండి పోయింది. మీ అబ్బాయి మీకు చెప్పే ఉంటాడు కానీ, అతను సగం చెప్పి సగం మింగే మనిషి కనుక మొత్తం నేను రాస్తాను. పోయిన మంగళవారం పాడి రైతు ఒకాయన ఫోను చేశాడట, ఆవు ఈనలేక అవస్థ పడుతోందని. పశువైద్యురాలన్నాక పరుగెత్తాల్సిందే కదా. సగం దారిలో బండి ఆగింది. తాళం తిరుగుతోంది గానీ ఇంజను పలకలేదు. సంచీ భుజాన వేసుకుని మూడు కిలోమీటర్లు నడిచింది. వెళ్ళేసరికి ఆవూ దక్కలేదు, దూడా దక్కలేదు. సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్తే కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ నిలబడి ఉంది. చేతులు ఎప్పుడో శుభ్రమయ్యాయి, నీళ్ళు మాత్రం పోతూనే ఉన్నాయి. నేనే వెళ్ళి కట్టేశాను.

మర్నాడు పొద్దున అంది, "అమ్మా, బండ్ల గురించి ఆలోచించే తీరిక నాకు లేదు. అత్తయ్య ఇరవయ్యారేళ్ళు బస్సు నడిపింది. నువ్వు ముప్పయ్యేళ్ళుగా కుట్టుమిషన్లు బాగుచేస్తున్నావు. మీరిద్దరూ ఏదంటే అదే కొంటా. ఒకటే షరతు, నేను రిటైరయ్యేదాకా ఆ బండే ఉండాలి."

చూశారా, ఎంత పెద్ద బాధ్యత మన నెత్తిన పెట్టిందో. నాకు రెండు రోజులుగా కాళ్ళు నేల మీద లేవు. ఇక్కడి డీలరు దగ్గర మంచి వ్యాను ఉంది. వెనక మందుల పెట్టెలు, తాళ్ళు, బూట్లు అన్నీ పడతాయి. అదే వ్యాను పెట్రోలులోనూ వస్తుంది, డీజిల్లోనూ వస్తుంది. తేల్చాల్సింది అంతే. ప్రస్తుతం మా అమ్మాయి స్నేహితురాలి బండి అరువు తెచ్చుకుని తిరుగుతోంది. మార్చి నెలాఖరుకి తిరిగి ఇచ్చేయాలి.

నేనైతే తేల్చేశాను. డీజిల్. తక్కువ తాగుతుంది, ఎక్కువ లాగుతుంది, ఎన్నేళ్ళయినా చావదు. మీ బస్సులన్నీ డీజిలే కదా. ఇంక మీరు ఊఁ అనడమే తరువాయి.

మీ వియ్యపురాలు


ఫిబ్రవరి 8

వదినగారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. మీ ఉత్తరం చదివాక నా రక్తపోటు కాస్త పెరిగింది కాబట్టి మీ కుశలం మాత్రమే కోరుతున్నాను.

ఊఁ అనను. పెట్రోలు కొనండి.

ఆవు సంగతి మావాడు నాకు చెప్పనే లేదు. కోడలు ఆ మూడు కిలోమీటర్లు ఎలా నడిచి ఉంటుందో నాకు తెలుసు. బండి ఆగినప్పుడు మనిషి కాళ్ళ మీద నడవదు, గుండె మీద నడుస్తుంది. అందుకే ఈ విషయంలో మొహమాటపడను.

ఏ ఇంజను మంచిది అని అడిగితే జవాబు లేదు వదినగారూ. ఏ దారికి అని అడగాలి. నా బస్సు పొద్దున డిపో గేటు దాటితే నూట ఇరవై కిలోమీటర్ల దాకా కట్టేదాన్ని కాదు. ఇంజను బాగా వేడెక్కి, ఆ వేడి మీదే పరుగెత్తేది. డీజిల్‌కి కావాల్సింది అదే. ఈ కాలపు డీజిల్ బండ్లకి పొగగొట్టంలో ఒక వడపోత ఉంటుంది. మసి అంతా అందులో పేరుకుంటుంది. అరగంట ఆగకుండా పెద్ద రోడ్డు మీద పోతే ఆ వేడికి మసి కాలిపోతుంది. వీధి చివరిదాకా వెళ్ళి ఆపి, మళ్ళీ ఇంకో వీధికి వెళ్ళి ఆపితే కాలదు. పేరుకుంటూ పోయి ఒకరోజు గొంతు పట్టేస్తుంది.

మా డిపోలో ఊళ్ళో పార్సిళ్ళు పంచే వ్యాను ఒకటి ఉండేది, డీజిల్‌ది. నాలుగేళ్ళు తిరక్కుండానే నెలకోసారి షెడ్డులో కూర్చునేది. మా మెకానిక్కు దాన్ని తట్టి అనేవాడు, "దీనికి రోగం లేదమ్మా. దారి లేదు, అంతే." దాన్ని తీసుకెళ్ళి దూరం రూట్లో వేశారు. ఇప్పటికీ తిరుగుతోంది.

పెట్రోలుది కాస్త ఎక్కువే తాగుతుంది. కానీ ఆపినా, తీసినా, పది నిమిషాలు తిప్పి కట్టేసినా అలగదు. బాగుచేయడమూ తేలిక. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ఇంజనంటే కుట్టుమిషను కాదు కదా, రెండు చుక్కల నూనె వేసి తుడిచేస్తే సరిపోవడానికి.

నా మాట మీద నమ్మకం లేకపోతే ఒక పని చేయండి. వారం రోజులు కోడలు ఎంత దూరం తిరుగుతోందో, రోజుకి ఎన్నిసార్లు ఇంజను ఆపుతోందో చూసి నాకు రాయండి. అంకెలే మాట్లాడతాయి.

డిపో వాళ్ళు ఇప్పటికీ బ్రేకమ్మ అని పిలిచే,
మీ వియ్యపురాలు


ఫిబ్రవరి 12

వదినగారికి,

రెండు చుక్కల నూనె అన్నారు. సరే. ఈ ఉత్తరం ఎక్కువ పొడిగించను.

నిన్న నా దుకాణానికి ఒక మిషను వచ్చింది. నలభయ్యేళ్ళది. కుట్టి కుట్టి పాడైంది కాదు. కోడళ్ళెవరూ ముట్టుకోక, మూలన పడి, లోపల దూది నుసి పేరుకుని బిగిసిపోయింది. చక్రం తిప్పలేక నాకు చెయ్యి నొప్పి పుట్టింది. దాన్ని విప్పి, ఒక్కొక్క మరా కిరసనాయిల్లో నానబెట్టి, మూడు పూటలు కూర్చున్నాను. ఇప్పుడది పాడుతోంది. రెండు చుక్కల నూనెతో కాలేదు వదినగారూ.

మీరు చెప్పిన మసి సంగతి నాకు వెంటనే అర్థమైంది. అర్థమైందని ఒప్పుకోవడానికే మనసు రావడం లేదు.

వచ్చే సోమవారం నుంచి వారం పాటు దుకాణం సగం పూటే తెరుస్తాను. మిగతా పూట మా అమ్మాయి పక్కన కూర్చుని తిరుగుతాను. అంకెలు కావాలన్నారుగా, ఇస్తాను.

ఇంకొకటి. డీలరు ఇరవయ్యో తేదీన రెండు వ్యాన్లూ మన చేతికిచ్చి నడిపి చూసుకోమన్నాడు. మీరు రండి. నాకు స్టీరింగు ఎటు తిప్పాలో కూడా తెలియదు. ఇరవయ్యారేళ్ళ అనుభవం ఉత్తరాల్లోనే ఉంచుకుంటే ఎలా?

మీ వియ్యపురాలు


ఫిబ్రవరి 16

వదినగారికి,

నూనె మాట తప్పు. నోరు జారాను, కలమూ జారింది. పెద్దమనసు చేసుకోండి.

ఇరవయ్యో తేదీకి రాలేను. మోకాలు నొప్పి. బస్సు మెట్లెక్కడం కష్టంగా ఉంది. మావాడి చేత నడిపించండి. ఎలా ఉందో అతనే చెబుతాడు.

అంకెల కోసం ఎదురుచూస్తుంటాను.

మీ వియ్యపురాలు


ఫిబ్రవరి 23

వదినగారికి,

కూర్చుని చదవండి. నేను మాత్రం నిలబడే రాస్తున్నాను, కూర్చోబుద్ధి కావడం లేదు.

ముందు అంకెలు. స్టీరింగు వెనక ముల్లు తిరిగే పెద్ద గుండ్రం కింద చిన్న గడిలో కిలోమీటర్లు పడుతుంటాయి కదా. సోమవారం పొద్దున మా అమ్మాయి దాన్ని సున్నా చేసి ఇచ్చింది. ప్రతి సాయంత్రం నేను చూసి రాసుకున్నాను. సోమవారం 31, మంగళవారం 58, బుధవారం 94, గురువారం 121, శుక్రవారం 160, శనివారం 187. ఇంజను ఆపడం రోజుకి తక్కువలో తక్కువ పదకొండుసార్లు. బుధవారం పధ్నాలుగు. ఒక ఇంట్లో కుక్కకి సూది, ఆ పక్క వీధిలో పిల్లికి కట్టు, ఆ పైన కోళ్ళ షెడ్డు. ఎక్కడా బండి ఒళ్ళు వేడెక్కే దాకా పోనిచ్చిందే లేదు. పద్ధతిగా ఆలోచించి చెబుతున్నాను, మీరే గెలిచారు. పెట్రోలు కొందాం.

ఇప్పుడు అసలు సంగతి. గురువారం మధ్యాహ్నం, మళ్ళీ ఒక ఆవు. ఈనడం కష్టమైంది. వాన పడి దారి బురదగా ఉందని బండి గేటు దగ్గరే పెట్టి అర కిలోమీటరు లోపలికి నడిచాం. దూడ అడ్డం తిరిగి ఉందని మా అమ్మాయి భుజం దాకా చెయ్యి లోపల పెట్టింది. రైతు ఆవు తల పట్టుకున్నాడు, ఆయన భార్య సెలైను సీసా పట్టుకుంది. తాళ్ళూ, ఇంకో మందు సీసా బండిలో ఉండిపోయాయి. చేతులు ఖాళీగా ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. నేను పరుగెత్తితే చూసేవాళ్ళకి ఆయాసం వస్తుంది, మీకు తెలుసు.

మా అమ్మాయి తల తిప్పకుండానే అంది, "అమ్మా, బండి ఇక్కడికి తీసుకురా. ఎడమకాలితో క్లచ్ తొక్కు. గేరు ముందుకి తొయ్యి. కాలు మెల్లగా వదులు. ఆగిపోతే మళ్ళీ తాళం తిప్పు. భయపడకు, దారిలో ఎవరూ లేరు."

మూడుసార్లు ఆగింది. నాలుగోసారి నాకు తెలిసిపోయింది వదినగారూ. మా తొక్కుడు మిషనులో కూడా అంతే, పాదం కింద ఒకచోట బెల్టు పట్టుకుంటుంది. ఆ చోటు కాలికి తెలియాలి, బుర్రకి కాదు. అది దొరికాక బండి నా మాట విన్నది. అద్దాలు తుడిచే కర్రలు ఎందుకో ఊగడం మొదలుపెట్టాయి, ఎలా ఆపాలో తెలియక అలాగే వెళ్ళాను. మొదటి గేరులోనే, బురద చిమ్ముకుంటూ, ఆవుల కొట్టం దాకా. యాభై ఎనిమిదేళ్ళ వయసులో.

దూడ బతికింది. ఆవూ బతికింది. మా అమ్మాయి గడ్డిమీద వెల్లకిలా పడుకుని నవ్వింది. ఆ పాత మంగళవారం తర్వాత దాని నవ్వు చూడటం అదే మొదలు.

నేను మాత్రం మూడు రోజులుగా నిద్రలో కూడా క్లచ్ తొక్కుతున్నాను.

ఇరవయ్యో తేదీన మీ అబ్బాయి రెండు వ్యాన్లూ నడిపాడు. ఒళ్ళో గుడ్లబుట్ట పెట్టుకున్నట్టు నడిపి, "రెండూ బాగానే ఉన్నాయత్తయ్యా" అన్నాడు. అదేం జవాబు? డీలరు మార్చి పదిహేనున మళ్ళీ ఇస్తానన్నాడు. మోకాలికి కాపడం పెట్టుకుని రండి.

మీ వియ్యపురాలు, ఇప్పుడు డ్రైవరు కూడా


మార్చి 1

వదినగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నా మొదటి రోజున బస్సుని డిపో గోడకి ఆనించాను. మీరు గోడలేవీ ముట్టుకోలేదు. అద్దాల కర్రలదేముంది, అందరికీ ఊగుతాయి.

కానీ అంకెలు చూసి నా గుండె జారింది. శుక్రవారం నూట అరవై, శనివారం నూట ఎనభై ఏడు. ఒక్క మనిషి, అన్ని ఆవుల మధ్య, అంత దూరం. నేను బస్సులో తిరిగినా వారానికి ఒక రోజు సెలవుండేది. పెళ్ళాం అంత తిరిగి ఆరోగ్యం పాడుచేసుకుంటుంటే నువ్వేం చేస్తున్నావని మావాడికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను.

ఇక ఇంజను సంగతి. రోజుకి అంత దూరమైతే నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పధ్నాలుగుసార్లు ఆపినా సరే, మధ్యలో పెద్ద రోడ్డు తగలకుండా నూట ఎనభై కిలోమీటర్లు రావు. మసి కాలుతుంది. అంత తిరుగుడుకి పెట్రోలు పోయలేరు. కళ్ళు మూసుకుని డీజిల్ కొనండి.

పదిహేనో తేదీన కూడా కుదరదు. మోకాలు తగ్గలేదు.

మీ వియ్యపురాలు


మార్చి 6

వదినగారికి,

మీ ఉత్తరం అందిన పూటంతా నాకు కోపమే. నేను డీజిలంటే పెట్రోలంటారు, పెట్రోలంటే డీజిలంటారు. నేను తూర్పంటే పడమర అనడానికే ఈవిడ కలం పట్టుకుంటుంది కాబోలనుకున్నాను.

మధ్యాహ్నం మీ అబ్బాయి మీరు రాసిన నాలుగు పేజీలూ చేత్తో పట్టుకుని దుకాణానికి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. "అత్తయ్యా, నేనేం తప్పు చేశాను?" అన్నాడు. ఇద్దరం కూర్చుని లెక్క చూస్తే బయటపడింది. ఆ చిన్న గడిలో అంకెని ఏ రోజుకారోజు సున్నా చేయాలట. నేను ఒక్క సోమవారమే సున్నా చేయించి, మిగతా రోజులు దాని మీద పెరిగినదంతా రాసుకున్నాను. అది రోజు లెక్క కాదు, వారమంతా కలిపిన లెక్క. అసలు తిరిగింది రోజుకి ముప్పై, మహా అయితే నలభై. ఆ నూట ఎనభై ఏడూ ఆరు రోజులది. తప్పు నాదే. మీ అబ్బాయికి టీ ఇచ్చి క్షమాపణ చెప్పాను. అతను నవ్వాడు, పాపం. నాలుగు పేజీలూ మడిచి జేబులో పెట్టుకున్నాడు. అమ్మ ఇంత పెద్ద ఉత్తరం ఎప్పుడూ రాయలేదని దాచుకుంటాడట.

అక్కడితో ఐపోతే బాగుండేది. మాటల్లో అతనే అన్నాడు, మీరు రోజూ పొద్దున్నే గుట్ట మీది గ్రంథాలయం దాకా నడిచి వెళ్తారట. నూట పది మెట్లట. మొన్న ఫోనులో కూడా ఆయాసం లేకుండా మాట్లాడారట.

నేను మోకాలి నొప్పి అన్న మాటని నమ్మాను వదినగారూ. తైలం సీసా కూడా కొని పెట్టాను, మీరు వస్తే ఇద్దామని. నాతో ఒక బండిలో కూర్చోవడం మీకు ఇష్టం లేకపోతే ఆ మాటే రాయాల్సింది. కుట్టుమిషన్లు తుడిచేదానికి ఇంజన్ల సంగతేం తెలుస్తుందనుకుంటే అదీ రాయాల్సింది. పదిహేనున మీరు రాకపోతే నేనే ఏదో ఒకటి అనేస్తాను. తర్వాత మా అమ్మాయి రిటైరయ్యేదాకా నన్నేం అనొద్దు.

మీ వియ్యపురాలు


మార్చి 10

వదినగారికి,

మీకు అబద్ధం రాశాను. మోకాలు బాగానే ఉంది. ఇష్టం లేక కాదు. ఇది ఎవరికీ చెప్పలేదు. మావాడికి కూడా తెలియదు.

నాకు పక్కచూపు పోయింది.

ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది. ఈ ఉత్తరం కళ్ళజోడు లేకుండానే రాస్తున్నాను. కానీ ఎడమపక్క ఏముందో తెలియదు. కిటికీ తలుపు ఒకటి ఓరగా వేసినట్టు ఉంటుంది. నల్లగా ఉండదు, అసలు లేనట్టే ఉంటుంది. అందుకే చాలాకాలం కనిపెట్టలేదు.

రెండేళ్ళ కిందట, ఒక పొద్దున, ఏడున్నర బండి. స్టాపులో నుంచి కదిలిస్తున్నాను. అద్దం చూశాను, ఎవరూ లేరు. కదిలించాను. కండక్టరు అరిచాడు. బ్రేకు వేశాను. దిగి చూస్తే ఎడమ చక్రం ముందు ఒకావిడ సైకిలు పట్టుకుని నిలబడి ఉంది. ముందు బుట్టలో కొత్తిమీర కట్టలు. ఆమెకీ నా చక్రానికీ మధ్య జానెడు దూరం కూడా లేదు. ఆమె నన్ను తిట్టలేదు. "చూసుకోండమ్మా" అని చెప్పి సైకిలెక్కి వెళ్ళిపోయింది.

ఆ ట్రిప్పు నేను నడపలేదు. తాళం తీసుకెళ్ళి మేనేజరు బల్ల మీద పెట్టాను. మర్నాడు కంటి ఆసుపత్రికి వెళ్తే, లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందన్నారు. పోయింది రాదట, ఉన్నది చుక్కల మందుతో నిలుస్తుందట. అందరికీ విశ్రాంతి కావాలనిపించి మానేశానని చెప్పాను. డిపోలో నాకు దండ వేశారు. ఇరవయ్యారేళ్ళలో ఒక్క ప్రమాదం లేదని మేనేజరు మాట్లాడాడు. నేను తల వంచుకుని కూర్చున్నాను.

మీరు వచ్చి బండి నడపమన్నారు. ఎలా వస్తాను? డీలరు చేతికి తాళమిస్తే ఏం చెప్పను? కోడలు చూస్తుంది, మావాడు చూస్తాడు. వాళ్ళకి నేను ఇంకా పెద్ద బస్సు మీదే కనిపిస్తున్నాను. దిగిపోయిన మనిషిగా వాళ్ళ ముందు నిలబడటానికి మనసు రాలేదు.

కుట్టుమిషన్ల వల్ల కాదు వదినగారూ. ఆ నలభయ్యేళ్ళ మిషను మళ్ళీ పాడుతోందని మీరు రాసిన ముక్క నేను మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

ఇంజను విషయంలో మాత్రం కళ్ళతో పనిలేదు. రోజుకి ముప్పై కిలోమీటర్లు, పదకొండుసార్లు ఆపడం. పెట్రోలే. ఇక మార్చను.

మీ వదిన


మార్చి 14

వదినా,

"గారు" ఈరోజుతో తీసేస్తున్నాను. మీరూ తీసేయండి.

మీ ఉత్తరం దుకాణంలో చదివాను. మిషను బాగుచేయించుకోవడానికి వచ్చినావిడ ఎందుకు ఏడుస్తున్నారని అడిగింది. దుమ్ము పడిందన్నాను.

మీరు సిగ్గుపడాల్సింది ఏముందో నాకు అర్థం కాలేదు. జానెడు దూరంలో ఆపిన మనిషి, అదే రోజు తాళం తీసి బల్ల మీద పెట్టిన మనిషి. చూపు బాగున్నవాళ్ళు ఎంతమంది ఆ పని చేస్తారు? నేనైతే ఇంకో నెల చూద్దాంలే అనుకునేదాన్ని. దండ తప్పుగా వేశారనుకుంటున్నారు మీరు. సరిగ్గానే వేశారు, కారణం వాళ్ళకి తెలియలేదు, అంతే.

మీ అబ్బాయికి నేను చెప్పను. అది మీరు చెప్పాల్సిన మాట. కానీ త్వరగా చెప్పండి. నాలుగు పేజీల తిట్లు జేబులో పెట్టుకు తిరిగే కొడుకు నిజం చెబితే ఏమైపోతాడు?

ఇవాళ డీలరు దగ్గరికి ఒకరోజు ముందుగానే వెళ్ళాం, నేనూ మా అమ్మాయీ. రెండు బండ్లూ అమ్మాయే నడిపింది, నేను పక్కన కూర్చున్నాను. డీజిల్‌ది ఎత్తు మీద ఏనుగులా లాగింది. ఒక్క క్షణం నా మనసు మళ్ళీ అటు పోయింది, దాచను. డీలరు కూడా డీజిలే అంటగట్టాలని చూశాడు. అప్పుడు మీరు నేర్పిన ప్రశ్న అడిగాను. "రోజుకి ముప్పై కిలోమీటర్లే, పదకొండు ఆగడాలు. మసి వడపోత ఎన్నాళ్ళుంటుంది?" అని. అతను "మీరు ఏం చేస్తుంటారమ్మా?" అన్నాడు. మా వదిన బస్సు డ్రైవరు అన్నాను.

పెట్రోలుది ఖాయం చేశాం. తెల్ల రంగు. నెలాఖరుకి ఇంటికి వస్తుంది. టైముకి ఇంజనాయిలు మార్చడం, గాలి వడపోత దులపడం, చిన్న చప్పుడు వినగానే విప్పి చూడటం నా పూచీ. మిషను మూలన పడనివ్వను, నుసి చేరనివ్వను. మా అమ్మాయి రిటైరయ్యేదాకా బండి నడవాలిగా.

ఇంకో కబురు. డ్రైవింగు బడిలో చేరాను. నేర్పేవాడు నా కొడుకు వయసువాడు. ప్రతిదానికీ "భయపడకండి ఆంటీ" అంటాడు. నాకు భయం లేదు, అతనికే ఉంది. నాకు ఇతని పాఠం చాలదు. మీరు వచ్చి పక్కసీట్లో కూర్చోండి. నెల రోజులుండేలా రండి. ఆ మోకాలు కూడా వెంట తెచ్చుకోండి, నూట పది మెట్లెక్కే మోకాలిని ఒకసారి చూడాలని ఉంది.

మీ వదిన


మే 27

వదినా,

నిన్న సాయంత్రం ఇల్లు చేరాను. సంచీ ఇంకా విప్పలేదు, ముందు ఇది రాస్తున్నాను.

మావాడికి చెప్పిన రోజు మీరు వంటింట్లోకి వెళ్ళిపోయి గిన్నెలు తోమారు, గుర్తుందా? అన్నీ అప్పటికే తోమిన గిన్నెలు. అతను లేచి వచ్చి నా ఎడమపక్కన కూర్చున్నాడు. అప్పటి నుంచి నాతో నడిచినప్పుడల్లా అటువైపే నడిచాడు. నేను గమనించలేదనుకుంటున్నాడు. కోడలు మాత్రం చుక్కల మందు సీసా తీసుకుని, దాని మీద ఉన్నదంతా చదివి, రోజుకి ఎన్నిసార్లు వేసుకుంటున్నారని పశువుని అడిగినంత గట్టిగా అడిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

మీరు లైసెన్సు పరీక్షలో నెగ్గినందుకు నేనేమీ ఆశ్చర్యపోలేదు. అధికారి దిగుతూ, "ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని అడిగితే నా వైపు వేలు చూపించారు కదా, దానికి ఆశ్చర్యపోయాను. ఆయన నమస్కారం పెట్టాడు. ఏం చేయాలో తెలియక నేనూ పెట్టాను.

అసలు రాయాలనుకున్నది ఆఖరి రోజు సంగతి. గొర్రెలకి టీకాలు వేయడానికి కొండ అవతలికి వెళ్ళాలి, కోడలికి జ్వరం, ఆమె తోటి డాక్టరు అప్పటికే అక్కడికి చేరిపోయాడు. మందులు చల్లారకుండా, కాదు, వేడెక్కకుండా పదకొండింటిలోపు అందాలి. "నేను తీసుకెళ్తా" అన్నారు మీరు. అరవై కిలోమీటర్లు, అందులో సగం మలుపులే. నేను పక్కన ఎక్కాను. ఇరవయ్యారేళ్ళూ రోడ్డూ అద్దాలూ మాత్రమే చూసుకుంటూ పోయిన మనిషిని, కొండదారిలో కొండ ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. నిన్న కాక మొన్న చూశాను. రాళ్ళ సందుల్లో పసుపు పూలున్నాయి. అవి ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయో.

మొదటి పది మలుపులూ నేను మాట్లాడుతూనే ఉన్నాను. హారన్ కొట్టండి, లోపలికి తీయండి, ఆ లారీని పోనివ్వండి. మీరు అన్నిటికీ ఊఁ కొడుతూ చేశారు. లోయ పక్కన ఒకచోట మీ మెడ మీద చెమట చూశాను. తర్వాత ఆ పెద్ద ఎత్తు వచ్చింది. నేను సీటుకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాను. చూపు అలసి కాదు, వినాలనిపించింది. ఇంజను కింద నుంచి బరువు ఎత్తుకుంటోంది. చప్పుడు మెల్లగా గరగరలోకి దిగుతోంది. ఇంకొక్క క్షణం ఆగితే మూలుగుతుంది. రెండో గేరుకి దించండి అని చెప్పడానికి నోరు తెరిచాను.

మాట పైకి రాకముందే క్లచ్ కిందికి పోయింది, గేరు పడింది, బండి ఊపిరి తీసుకుని ఎత్తు ఎక్కడం మొదలుపెట్టింది. కళ్ళు తెరిచి చూస్తే మీరు రోడ్డు మీదే చూపు పెట్టి ఏదో కూనిరాగం తీస్తున్నారు. నేను నోరు మూసుకుని కిటికీ అద్దం దించుకున్నాను. ఆ తర్వాత కొండ దిగేదాకా ఒక్క మాటా చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

మీ వదిన